మాజీ సైనికుని నడుమునొప్పి: పింఛను నిరాకరింపబడినచో చేయవలసినది

మన తెలుగు పల్లెలనుండి సైన్యమున చేరి దేశసేవ చేసినవారు అనేకులు కలరు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరము ‘మిలిటరీ మాధవరము’ అను పేరుతోనే ప్రసిద్ధి కెక్కినది. కొలువు ముగించి ఇల్లు చేరిన సైనికులలో కొందరికి కాలో చేయో పోయియుండును. ఆ నష్టము ఊరివారందరి కంటికి కనబడును. మరికొందరు నడుమునొప్పితో తిరిగివత్తురు. పైకి మనిషి నిక్షేపముగానే యుండును. కాని నీళ్ల బిందె ఎత్తలేడు. గట్టు దిగి గడ్డిమోపు మోయలేడు. బస్సులో గంటసేపు కుదురుగా కూర్చుండలేడు. ఈ నష్టము ఎవరి కంటికిని కనబడదు. కనబడని నష్టమునకు పింఛను అడిగినప్పుడు ‘ఇది కొలువువలన వచ్చినది కాదు’ అను జవాబు రావచ్చును. అట్టి జవాబు వచ్చినంత మాత్రమున హక్కు పోయినట్లు కాదని తెలుపుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

విషయము సులభముగా బోధపడుటకై ఒక హవల్దారును ఊహించుకొందము. ఆయన 2001లో ఫిరంగిదళమున చేరెను. చేరునాడు వైద్యులు పరీక్షించి ఏ లోపమును లేదని వ్రాసికొనిరి. గుండ్ల పెట్టెలు ఎత్తుట, దించుట, గతుకుల కొండదారులలో లారీలపై రోజుల తరబడి ప్రయాణము చేయుట ఆయన నిత్యకృత్యము. 2012లో నడుము పట్టి, నొప్పి ఎడమకాలిలోనికి దిగెను. సైనికాసుపత్రిలో చికిత్స జరిగినది. తేలిక పనులు మాత్రమే ఇయ్యవలెనని ఆయనను తక్కువ వైద్యశ్రేణిలో ఉంచిరి. 2019లో విడుదల కాగా మెడికల్ బోర్డు ఆయన అశక్తతను 20 శాతమని లెక్కకట్టి, ఇది సైనిక సేవవలన కలిగినది కాదు, సేవవలన పెరిగినదియు కాదు అని వ్రాసెను. ఆ మీదట పింఛను నిరాకరణ పత్రము వచ్చినది.

“హవల్దారుగారూ, ఆ ఉత్తరం సంగతి ఏమయింది?” అని ఊరి బడిపంతులు అడిగినచో, “ఏముంది మాస్టారూ, రాదన్నారు. ట్రంకుపెట్టెలో పడేశాను. పెద్ద డాక్టర్లు రాసింది మనం కాదంటే అవుతుందా?” అని ఆయన బదులు చెప్పును. ఇట్లనుకొనుట పొరపాటు. పెట్టెలో పడవేసిన ఆ పత్రముతోనే గడువు లెక్క ఆరంభమగుచున్నది.

నడుమునకు వచ్చు బాధ ఎట్టిది?

మన వెన్నెముకలో నడుముభాగమున అయిదు పూసలు గలవు. మొండెము బరువు, మనము ఎత్తు బరువు, రెండును వీనిపైననే పడును. ప్రతి రెండు పూసల నడుమ మెత్తవలె ఒక డిస్కు ఉండును. దాని వెలుపలి వలయము గట్టిది; లోపలి పదార్థము జిగురువలె మెత్తనిది. వంగి పెద్ద బరువును ఎత్తునప్పుడు గాని, ఎత్తునుండి దూకినప్పుడు గాని, ఏండ్ల తరబడి పడిన ఒత్తిడివలన గాని ఆ వలయము చిట్లవచ్చును. అప్పుడు లోపలి పదార్థము బయటికి ఉబికి ప్రక్కనున్న నరమును నొక్కును. దీనినే డిస్కు జారుట అందురు. నాలుగవ అయిదవ పూసల నడుమను, అయిదవ పూసకును త్రికాస్థికిని నడుమను ఇది హెచ్చుగా జరుగును. నొప్పి పిరుదునుండి పిక్కవరకు దిగుట, పాదము తిమ్మిరెక్కుట, కాలి బొటనవ్రేలు పైకి ఎత్తలేకపోవుట దీని లక్షణములు. పూసలును కీళ్లును అరిగి వచ్చు బాధను స్పాండిలోసిస్ అందురు.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. నడుమునొప్పితోపాటు మలమూత్రములపై అదుపు తప్పినను, తొడల నడుమ స్పర్శ తెలియకపోయినను, కాళ్లు చచ్చుబడుచున్నను, నాటువైద్యముతోను మర్దనములతోను కాలము గడుపక వెంటనే పెద్దాసుపత్రికి చేరవలెను. గంటలు ఆలస్యమైనను శాశ్వతనష్టము కలుగవచ్చును.

ఈ జబ్బులోనే వివాదమునకు మూలమున్నది. డిస్కులు వయస్సుతో అందరికిని కొంత అరుగును. ఏ నొప్పియు లేనివారికి ఎం.ఆర్.ఐ. తీసినను కొందరిలో అరుగుదల కనబడును. కావున ‘ఇది వయస్సువలన వచ్చిన అరుగుదల, కొలువుతో సంబంధము లేదు’ అని వైద్యులు వ్రాయుటకు వీలు కలుగుచున్నది. తెగిన వ్రేలికి అట్టి సందేహము రాదు. నడుమునకు మచ్చ లేదు గనుక దాని పక్షమున సాక్ష్యము చెప్పవలసినవి కాగితములే.

పింఛను ఎవరికి రావలెను?

అశక్తతా పింఛనుకు రెండు ముఖ్యమైన షరతులు కలవు. మొదటిది, అశక్తత సైనికసేవవలన కలిగినదై యుండవలెను, లేదా సేవవలన పెరిగినదై యుండవలెను. రెండవది, అది 20 శాతమునకు తక్కువ కారాదు. 1961 నాటి సైనిక పింఛను నిబంధనలలోనే ఈ రెండు షరతులును కలవు.

‘కలిగినది’, ‘పెరిగినది’ అను మాటల భేదమును మన పాఠకులు బాగుగా గ్రహింపవలెను. లారీనుండి దూకినప్పుడు డిస్కు జారినచో అది సేవవలన కలిగినది. డిస్కు వయస్సుచేతనే బలహీనపడినను, బరువులు మోయుటచేత జబ్బు ముదిరినచో అది సేవవలన పెరిగినది. రెండింటిలో ఏ యొకటి నిలిచినను చాలును. కొందరు అప్పీలులో మొదటిదానినే పట్టుకొని వాదించి రెండవదానిని మరచుచున్నారు. మన హవల్దారు రెండింటిని వ్రాయవలెను.

జబ్బు కారణముగా సైన్యమునుండి పంపివేయబడినవారికే కాక, కాలపరిమితి ముగిసి తక్కువ వైద్యశ్రేణిలో విడుదలైన సైనికునికిని అశక్తతా భాగము లభింపవచ్చును. ఆయనకు మామూలు సర్వీసు పింఛను వచ్చుచున్నది కదా యని ఊరకుండరాదు. అశక్తతా భాగము దానికి అదనము.

విడుదలైన తేదీని బట్టి వర్తించు నియమములు మారును. 1982 నాటి అర్హతా నియమములు సైనికునికి మిక్కిలి అనుకూలములు. చేరునాడు ఏ జబ్బును నమోదు కానిచో అతడు ఆరోగ్యవంతుడుగానే చేరెనని భావింపవలెననియు, నిరూపణభారము అతనిపై మోపరాదనియు, సహేతుకమైన సందేహమున్నచో దాని ఫలము అతనికే చెందవలెననియు వానిలో కలదు. 2008 జనవరి 1 నుండి వచ్చిన నియమములలో, సేవాకాలమున జబ్బు బయటపడినంతమాత్రమున అది సేవవలన కలిగినట్లు కాదని చేర్చిరి. నిరూపణభారము సాధారణముగా సైనికునిపై ఉండదని చెప్పుచునే, విడుదలైన 15 ఏండ్ల తరువాత అడిగినచో ఆ భారము అతనిదే యనిరి. 2023 సెప్టెంబరు 21న గాని ఆ తరువాత గాని విడుదలైనవారికి 2023 నాటి క్రొత్త నియమములు వర్తించును. కావున ఇతరుని అప్పీలును చూచి నకలు వ్రాయుట మంచిది కాదు. తన తేదీకి ఏ నియమములు చెల్లునో మొదట తెలిసికొనవలెను.

సుప్రీం కోర్టు చెప్పినదేమి?

2013 జూలై 2న ధరమ్‌వీర్ సింగ్ దావాలో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయమున దారిదీపమువంటిది. ఆ సైనికుని జబ్బు మూర్ఛ. ఆయన అశక్తతను 20 శాతమని లెక్కకట్టి, సేవతో సంబంధము లేదని పింఛను నిరాకరించిరి. చేరునాటి రికార్డులో జబ్బు మాట లేనప్పుడు, సేవతో సంబంధము లేదనువారే అందులకు కారణములు చూపవలెననియు, కారణము చెప్పని బోర్డు అభిప్రాయము చాలదనియు కోర్టు నిర్ణయించి సైనికునికి పింఛను ఇప్పించెను. 2014లో సుఖ్విందర్ సింగ్ దావాలోను, 2015లో రాజ్‌బీర్ సింగ్ దావాలోను ఈ దారినే అనుసరించిరి.

ఐతే రెండవ ప్రక్కను దాచుట న్యాయము కాదు. మెడికల్ బోర్డు నిపుణుల సంస్థ. దాని అభిప్రాయమునకు తగిన విలువ ఈయవలెనని 2009లో దామోదరన్ దావాలో కోర్టు చెప్పినది. చేరునాడు జబ్బు కనబడలేదు గనుక సేవయే కారణమని యాంత్రికముగా తేల్చరాదని 2019లో నర్సింగ్ యాదవ్ దావాలో చెప్పి, మనోవ్యాధిగల సైనికుని కోరికను త్రోసిపుచ్చినది. అనగా నడుమునొప్పి ఉన్నదన్నంత మాత్రాన ఎల్లరకు పింఛను రాదు. బోర్డు ఏ కారణము చూపినది, ఆ కారణమునకు రికార్డు సరిపోవుచున్నదా లేదా అనునదే ప్రతి అప్పీలులోను అసలు ప్రశ్న.

మన హవల్దారు విషయమున బోర్డు ‘వయస్సువలన అరుగుదల’ అని మాత్రమే వ్రాసినదనుకొందము. పదునొకండేండ్లు గుండ్ల పెట్టెలు ఎత్తిన సంగతిని అది తడవనే లేదు. బోర్డు వ్రాతలోని ఆ ఖాళీయే ఆయన అప్పీలుకు బలము.

ఏ కాగితములు కావలెను?

అప్పీలుకు ముందు ఈ కాగితములను సమకూర్చుకొనవలెను:

1. డిశ్చార్జి పుస్తకము, అందులో ఎక్కడెక్కడ ఎంతకాలము పనిచేసినది తెలియును.
2. సైన్యమున చేరునాటి వైద్యపరీక్ష పత్రము.
3. మొదట నొప్పి వచ్చిననాటి నుండి ఆసుపత్రి కాగితములు, ఎక్స్‌రే, ఎం.ఆర్.ఐ. నివేదికలు.
4. ప్రమాదము జరిగియున్నచో గాయపు నివేదిక, విచారణ జరిగియున్నచో దాని పత్రములు.
5. వైద్యశ్రేణి తగ్గించిన పత్రములు, ఏ పనులు చేయరాదని వైద్యులు వ్రాసిన సలహాలు.
6. విడుదలనాటి మెడికల్ బోర్డు కార్యక్రమము పూర్తిగా. శాతము వ్రాసిన పుట ఒక్కటి చాలదు. కారణము వ్రాసిన పుట ముఖ్యము.
7. నిరాకరణ పత్రము, అది చేతికి వచ్చిన తేదీ తెలుపు కవరు.

వీనిలో లేనివానికై తన దళమునకు చెందిన రికార్డు ఆఫీసుకు వ్రాయవలెను. వారినుండి జవాబు రానిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చును. సాధారణముగా 30 దినములలో జవాబు ఈయవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. దరఖాస్తు వ్రాయుటలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమువారి సహాయము తీసికొనవచ్చును.

అప్పీలు మెట్లు

మొదటి మెట్టు మొదటి అప్పీలు. నిరాకరణ పత్రము అందిన 6 నెలలలోపల దీనిని పంపవలెను. మొదటి అప్పీళ్ల కమిటీ దానిని విచారించును. అక్కడను కాదన్నచో, ఆ నిర్ణయము అందిన 6 నెలలలో రెండవ అప్పీలు చేసికొనవచ్చును. దానిని విచారించు కమిటీ వేరు.

ఆ పిమ్మట సాయుధ దళముల ట్రిబ్యునలు కలదు. 2007 నాటి చట్టముచే ఏర్పడి 2009 ఆగస్టులో ఇది పని ప్రారంభించినది. తెలుగు రాష్ట్రముల అర్జీలు చెన్నైలోని ప్రాంతీయ బెంచి పరిధిలోనివి. ఒక న్యాయసభ్యుడును, సైన్యమున ఉన్నతపదవి నిర్వహించిన ఒక పరిపాలనా సభ్యుడును కలసి విచారింతురు. తుది ఉత్తర్వు వచ్చిన 6 నెలలలో ఇక్కడికి రావలెను. అప్పీలు పంపి 6 నెలలు గడచినను జవాబు రానిచో, మరి 6 నెలలలోపల ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నించు అధికారము ట్రిబ్యునలుకు కలదు. ట్రిబ్యునలు తీర్పుపై, ప్రజాప్రాముఖ్యముగల న్యాయసమస్య ఇమిడియున్నచో, సుప్రీం కోర్టుకు పోవుటకు మార్గమున్నది.

అప్పీలు వ్రాయు విధము

అప్పీలులో దుఃఖము తోడుట కంటె వాస్తవము చెప్పుట మేలు. ‘నేను దేశమునకై సర్వము త్యాగము చేసితిని’ అను వాక్యము నిజమే కావచ్చును. కాని దానిచే కమిటీకి తెలియునదేమియు లేదు. ఏ సంవత్సరము ఏ చోట ఉంటిని, అక్కడ ఏ బరువులు ఎత్తితిని, నొప్పి ఎప్పుడు మొదలైనది, ఏ ఆసుపత్రిలో ఎన్ని దినములు ఉంటిని, ఆ తరువాతను ఏ పనులు చేయవలసివచ్చినది అని వరుసగా వ్రాయవలెను. ప్రతి వాక్యమునకు ప్రక్కన దానిని బలపరచు కాగితపు సంఖ్య వేయవలెను. చివర, బోర్డు చూపిన కారణము ఎందుచేత నిలువదో రెండు మూడు వాక్యములలో చెప్పవలెను. నకళ్లు మాత్రమే పంపి అసళ్లు తనయొద్ద ఉంచుకొనవలెను. రిజిస్టరు తపాలాలో పంపి రసీదును భద్రపరచవలెను.

మెడికల్ బోర్డు ఎదుటను ఇదే నీతి. కొందరు సైనికులు పౌరుషముచే నొప్పిని దాచి ‘బాగానే ఉన్నాను సర్’ అందురు. మరికొందరు లేనిదానిని కల్పింతురు. రెండును హానికరములే. ఎంతదూరము నడువగలరో, ఎంతసేపు కూర్చుండగలరో, రాత్రి ఎన్నిమారులు మేల్కొనుచున్నారో ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను.

అప్పీలు గెలిపింతుమని, వచ్చిన బకాయిలో వాటా ఈయవలెనని ఊరూర తిరుగు దళారులను నమ్మరాదు. అసలు కాగితములను, పింఛను ఖాతా రహస్య సంఖ్యలను వారి చేతికి ఎన్నడును ఈయరాదు.

ఆలస్యము చేసినచో ఎంత నష్టము?

2006 తరువాతి లెక్క ప్రకారము, 100 శాతము అశక్తతకు అశక్తతా భాగము చివరి జీతములో 30 శాతము. తక్కువ అశక్తతకు అదే నిష్పత్తిలో తగ్గును. మన హవల్దారు చివరి జీతము 40,000 రూపాయలనుకొందము. 100 శాతమునకు 12,000. 20 శాతమునకు 2,400 రూపాయలు. ఐతే 50 శాతమునకు లోబడిన అశక్తతను 50గాను, 50 మొదలు 75 వరకు గలదానిని 75గాను, అంతకు మించినదానిని 100గాను లెక్కించు సౌకర్యము 1996 జనవరి 1 నుండి ఏర్పడినది. మొదట జబ్బుచే పంపివేయబడినవారికే దానిని ఇచ్చిరి. కాలపరిమితి ముగించి వచ్చినవారికిని అది చెందవలెనని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ దావాలో సుప్రీం కోర్టు నిర్ణయించినది. ఆ ప్రకారము ఆయన 20 శాతము 50గా మారి, నెలకు 6,000 రూపాయలగును. కరవు భృతి దీనికి అదనము. 2023 నాటి నియమముల క్రిందికి వచ్చువారు ఈ లెక్కను తమకు అన్వయించుకొనక, తమ నియమములను వేరుగా చూచుకొనవలెను.

ఇక బకాయిల మాట. 2008లో తర్సేమ్ సింగ్ దావాలో సుప్రీం కోర్టు ఒక సూత్రము చెప్పినది. ఆ సైనికుడు 1983లో జబ్బుచే విడుదలై, 1999లో హైకోర్టుకు పోయెను. పింఛను నెలనెలకు రావలసినది గనుక ఆలస్యమైనను హక్కు చావదు. కాని బకాయిలు కోర్టుకు వచ్చిన నాటికి వెనుక మూడేండ్లకు మాత్రమే ఇయ్యబడునని తీర్పు వచ్చినది. పదునారేండ్లు ఊరకుండినందులకు ఆయన నష్టపోయిన కాలమెంతయో పాఠకులే లెక్కింపవచ్చును.

మన హవల్దారు పత్రమును పెట్టెలోనుంచి 2026లో ట్రిబ్యునలుకు పోయినచో, ఏడేండ్లలో మూడేండ్ల బకాయి మాత్రమే ఆయనకు దక్కవచ్చును. నెలకు 6,000 చొప్పున మిగిలిన నాలుగేండ్లకు 2,88,000 రూపాయలు చేజారును. పల్లెటూరి కుటుంబమునకు అది ఒక బిడ్డ చదువు. లేదా నడుమునకు చేయింపవలసిన శస్త్రచికిత్స నాటి ఇంటిఖర్చు. ఇంకను ఆగి 15 ఏండ్లు దాటనిచ్చినచో నిరూపణభారము కూడ ఆయనపైననే పడును.

ఇంటివారికి ఒక మాట

ఇప్పుడు కొలువులో బిడ్డలున్న తల్లిదండ్రులకు కూడ మేమొక మనవి చేయుచున్నాము. నడుము పట్టినప్పుడు తోటివారు నవ్వుదురని దాచుకొనక యూనిట్ వైద్యునికి చూపి, నమోదు చేయించుకొమ్మని వారికి వ్రాయుడు. ఆనాడు వ్రాయించుకొనిన ఒక్క పంక్తి, ఇరువదేండ్ల తరువాత వారి పక్షమున సాక్ష్యము చెప్పును. ఆనాడు మ్రింగిన నొప్పికి తరువాత సాక్షి ఉండడు.

చదువు వచ్చిన యువకులును, ఉపాధ్యాయులును తమ ఊరిలోని మాజీ సైనికుల ఇంటికి ఒకమారు పోయి, ‘మీకు వచ్చిన ఉత్తరమును చూపుడు’ అని అడుగవలెను. పత్రముపై తేదీని చూచి, 6 నెలలు దాటినవో లేదో లెక్కింపవలెను. దాటనిచో ఆ వారముననే అప్పీలు వ్రాయించవలెను. దాటినచో ఆలస్యమునకు కారణమును నిజాయితీతో వ్రాసి పంపింపవలెను. మన హవల్దారు చేయవలసిన మొదటి పని ట్రంకుపెట్టెను తెరచుటయే.